పంపకాల పత్రంలో లేని పేర్లు

ఆస్తి పంపకం యింటి వ్యవహారమనీ, అన్నదమ్ములూ పెద్దమనుషులూ కూర్చొని తేల్చుకోవలసిందనీ మనకు చిన్ననాటినుంచీ నేర్పారు. చరిత్రకారులు కూడా రాజుల యుద్ధాలకిచ్చిన చోటు పంపకాల పత్రాలకు యివ్వలేదు. నా దృష్టిలో యిది పెద్ద పొరపాటు. ఒక సమాజం యెవరిని హక్కుదారులుగా లెక్కించిందో, యెవరిని లెక్కలోకే తీసుకోలేదో తెలియాలంటే ఆ పత్రాలకు మించిన సాక్ష్యం లేదు.

1972 వేసవిలో, దమ్మపేటకు కొద్ది దూరంలోని ఒక ఏజెన్సీ పల్లెలో, అలాంటి పంపకం ఒకటి చూశాను. కృష్ణా జిల్లానుంచి వలస వచ్చిన రైతు కుటుంబం అది. తండ్రి బతికే వున్నాడు; అన్నదమ్ముల మధ్య తగాదా యేమీ లేదు. అయినా భూమిని నలుగురు కొడుకులకు నాలుగు పాళ్లు చేశారు. చీట్లు రాసి చెంబులో వేసి, చిన్నపిల్లవాడి చేత తీయించారు. కూతురు తలుపు చాటున నిలబడి అంతా విన్నది. పెళ్లినాడు పెట్టిన బంగారమే ఆమె వాటా అని పెద్దమనుషులు తీర్మానించారు. గొలుసు పట్టుకొని హద్దులు చూపించినవాడు ఆ యింటి పాలేరు, ఒక కోయ ముసలివాడు. తూర్పు హద్దు దగ్గర సందేహం వస్తే, “ఆ మోడు మా అయ్య నరికిన చెట్టుదే, దొరా!” అన్నాడు. ఆ మాటతో హద్దు తేలింది. పత్రంలో హద్దు యెక్కింది. చెట్టు నరికి, చేను చేసినవాని పేరు యెక్కలేదు.

తగాదా లేని యింట్లో పంపకం యెందుకు వచ్చింది? యీ ప్రశ్నకు జవాబు ఆ యింట్లో కాక, ఆనాటి చట్టాలలో దొరుకుతుంది.

షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1963లో దానిని తెలంగాణా ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970 సవరణ దానికి పదును పెట్టింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి గిరిజనుడినుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేదాకా, భావించాలన్నది. కాని బదిలీ అన్న మాటలో కుటుంబ పంపకాన్నీ, వారసత్వాన్నీ చేర్చలేదు. పంపకంవల్ల కొత్త హక్కు పుట్టదు, నిజమే. కాని వూళ్లో జరిగేది వేరు. ఒక కమతం నాలుగు కమతాలవుతుంది. పహాణీలో నాలుగు పేర్లు యెక్కుతాయి. భూమి కోసం అడిగే కోయ రైతు ఒక ప్రతివాదికి బదులు నలుగురిని యెదుర్కోవాలి.

రెండవది భూపరిమితి. 1973 చట్టం పెద్ద రైతుల భూమికి హద్దు కట్టబోతున్నదని ముందుగానే పొక్కింది. యెదిగిన కొడుకుల పేర భూమి వేరుగా వుంటే వేరుగానే లెక్కకు వస్తుంది. నిషేధాన్ని మీరి 1972 మే 2 తరువాత చేసిన పంపకాలను ఆ చట్టం గుర్తించలేదు. కనుక కాగితాలమీద తేదీలు వెనక్కు నడిచాయి. నేను చూసిన పత్రంమీద కూడా వేసవి తేదీ లేదు! పితృప్రేమగా కనిపించినది నిజానికి వర్గప్రయోజనం.

మరి ఆ కూతురి మాట? మితాక్షరను కేతన 13వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు. పుట్టుకతోనే కొడుకుకు వాటా అన్న న్యాయం మనకు అంత పాతది. 1956 హిందూ వారసత్వ చట్టం వుమ్మడి ఆస్తిలో కూతురిని కొడుకుతో సమానం చేయలేదు. ఆంధ్రప్రదేశ్ 1985నుంచి ఆ హక్కు యిచ్చినా, అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మినహాయించింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. కోయ స్త్రీకి యిదీ లేదు; 1956 చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు గిరిజన స్త్రీ వారసులకు సమాన వాటా వుందని తీర్పు చెప్పింది 2025లో.

యిది మన అడవి అంచుకే పరిమితమైన కథ కాదు. అమెరికాలోని వర్జీనియాలో జెఫర్సన్ చొరవతో 1776లో ఎస్టేటును ఒకే వంశక్రమానికి కట్టివేసే పద్ధతి రద్దయింది. జ్యేష్ఠునికే భూమి అన్న న్యాయాన్ని 1785 చట్టం తొలగించి, కూతుళ్లతో సహా పిల్లలందరికీ సమాన వాటా యిచ్చింది. ఫ్యూడల్ పద్ధతిమీద అది నిజమైన దెబ్బ. కాని అదే వర్జీనియాలో వారసులు పొలాలతోపాటు బానిసలనూ పంచుకున్నారు. తల్లి ఒకరి పాలికి, బిడ్డ మరొకరి పాలికి పోయిన సందర్భాలు వున్నాయి. పంచుకున్న నేల ఆదివాసులనుంచి వచ్చినది. 1887లో డాస్ చట్టం ఆదివాసుల వుమ్మడి భూమిని వ్యక్తులకు ముక్కలుగా పంచి, “మిగులు”ను తెల్లవారికి తెరిచింది. సుమారు 13 కోట్ల 80 లక్షల యెకరాలు 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలకు దిగాయి. ఒకచోట వారసుడి హక్కుగా వున్న పంపకమే మరొకచోట దోపిడీకి పనిముట్టయింది.

అందువల్ల “వాటాలు సమానమా?” అని మాత్రమే అడిగి వూరుకుంటే చాలదు. పంచుతున్న ఆస్తి యెవరి శ్రమతో, యెవరి నేలమీద పుట్టిందని ముందు అడగాలి. 2006 అటవీహక్కుల చట్టం యీ ప్రశ్నను కొంతవరకు అందుకున్నది: అడవి భూమి హక్కు వారసులకు వస్తుంది గాని అమ్మడానికి వీల్లేదు, పెళ్లయినవారైతే పట్టా భార్యాభర్తలిద్దరి పేర వుండాలి. నేడు ఆయిల్ పామ్ తోటలు పరుచుకున్న దమ్మపేట నేలలో యీ రెండు సూత్రాలూ కాగితం దాటి యెంతదూరం నడిచాయో చూడడం మన పని.

విద్యార్థి మిత్రులకూ, ఉపాధ్యాయులకూ నా మనవి ఒక్కటే. మీ యింటి పెట్టెలోని పాత పంపకాల పత్రాన్ని ఒకసారి తీసి చదవండి. హద్దులన్నీ అందులో వుంటాయి. ఆ హద్దులు చూపించిన మనిషి పేరు వున్నదేమో వెతకండి. తలుపు చాటున నిలబడ్డ ఆడబిడ్డ పేరు వున్నదేమో వెతకండి. మన చరిత్ర రచన ఆ ఖాళీలనుంచే మొదలు కావాలి.