మూడో తరగతి పెట్టె

శ్రీరాంపూర్‌లో రైలంటే బొగ్గు వ్యాగన్లే. మనుషులెక్కే రైలుకు మంచిర్యాల పోవాలి. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గం పూర్తయ్యాక బెల్లంపల్లి గనులకు కూలీలు వచ్చింది ఆ దారినే, నిజాం రైల్వే చెక్కపెట్టెల్లోనే.

ఆ రైల్వేకు 1893 నుంచి లాలాగూడలో మరమ్మతు కర్మాగారముండేది. ఆనాటి పెట్టెకు అడుగున ఉక్కు చట్రం, మీద టేకు గుంజలు, పలకల కప్పు, దానిపై రంగు పట్టించిన కాన్వాసు. కాన్వాసు చిరిగితే నీరు మెల్లగా గుంజల మొదళ్ళకు దిగుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల కలప పిండైపోతుంది. అందుచేత బాగుచేయదలచినవాడు ముందుగా ఇనుప సూదితో గుచ్చి చూడాలి. కుళ్ళినంత మేర కోసి, ఏటవాలు అతుకుతో టేకునే చేర్చితే పాత గుంజ దక్కుతుంది. గుంజలన్నీ మార్చివేస్తే మిగిలేది నకలేనని నా అభిప్రాయం. (వడ్రంగులు నవ్వుతారేమో!)

ఢిల్లీ రైలు మ్యూజియంలో 1875 నాటి వేల్స్ యువరాజు సలూను, 1899 నాటి మైసూరు మహారాజు సలూను భద్రంగా ఉన్నాయి. సంతోషమే. మూడో తరగతి మాత్రం 1974లో పేరుతో సహా రద్దయింది. కూలీలు కూర్చుని కూర్చుని నునుపెక్కిన ఆ చెక్కబల్లలను, అరిగిన అంచులు చిత్రిక పట్టకుండా, మంచిర్యాల స్టేషను ముందు ఒక్క పెట్టెలోనైనా చూడాలని నా కోరిక.