పిల్లల మనోవర్తి: ఉత్తర్వు వచ్చిన తరువాత ఏడాది గడువు కీలకం

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో మరమగ్గాలు, వస్త్ర పరిశ్రమపై ఆధారపడిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి. వీరిలో అనేకులు తెలంగాణ చేనేత ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు. తండ్రి సూరత్‌లో పనిచేస్తుండగా తల్లీపిల్లలు స్వగ్రామంలో ఉండే కుటుంబాలూ ఉన్నాయి. అటువంటి ఇంట్లో దంపతులు విడిపోయి, తండ్రి డబ్బు పంపడం మానివేస్తే పిల్లల తిండికి, చదువుకు చట్టం చూపే మార్గం మనోవర్తి. అయితే న్యాయస్థానం ఉత్తర్వు ఇవ్వడం ఒక ఎత్తు, ఆ సొమ్ము చేతికి అందడం మరొక ఎత్తు. బకాయి వసూలుకు చట్టం ఏడాది గడువు విధించింది. ఈ విషయం తెలియకపోతే న్యాయంగా రావలసిన సొమ్ము కూడా చేజారే ప్రమాదం ఉంది.

అమెరికాలో పిల్లల పోషణ సొమ్మును వసూలు చేసేందుకు 1975 నుంచి ప్రత్యేక ప్రభుత్వ యంత్రాంగం పనిచేస్తోంది. భారతదేశంలో అటువంటి వసూలు సంస్థ లేదు. దరఖాస్తు, చెల్లింపు, అమలు అన్నీ న్యాయస్థానం ద్వారానే జరగాలి. ప్రతి దశలోనూ ముందడుగు వేయవలసింది తల్లి లేదా సంరక్షకులే.

దరఖాస్తు ఎక్కడ చేయాలి?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ మనోవర్తికి ఆధారం. అంతకుముందు ఇదే హక్కు నేర శిక్షాస్మృతి 125వ సెక్షన్‌లో ఉండేది. నెలకు 500 రూపాయలకు మించరాదన్న పాత పరిమితిని 2001లోనే తొలగించారు. తనను తాను పోషించుకోలేని పిల్లలకు, తల్లిదండ్రుల వివాహం చట్టబద్ధమైనదా కాదా అన్నదానితో నిమిత్తం లేకుండా, ఈ హక్కు వర్తిస్తుంది. శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల తమను తాము పోషించుకోలేని సంతానానికి, వివాహిత కుమార్తె మినహా, మేజరైన తరువాత కూడా మనోవర్తి కోరవచ్చు.

దరఖాస్తు కోసం తల్లి సూరత్‌కు రానవసరం లేదు. భర్త ఉన్నచోట గాని, తాను నివసిస్తున్నచోట గాని, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్నచోట గాని దాఖలు చేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం ఉన్న నగరంలో అక్కడ, లేనిచోట మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేట్ వద్ద దాఖలు చేయాలి. మధ్యంతర మనోవర్తి కోరితే, నోటీసు అందిన 60 రోజుల్లోగా దానిని వీలైనంతవరకు పరిష్కరించాలని చట్టం చెబుతోంది.

ఆదాయం తేల్చడం ఎలా?

మరమగ్గాల పనిలో కూలీ తరచుగా నగదుగా చేతికి అందుతుంది. జీతం రసీదు లేనిచోట బ్యాంకు ఖాతా వివరాలు, ఫోన్ ద్వారా గతంలో పంపిన సొమ్ము వివరాలు, పనిచేస్తున్న కార్ఖానా చిరునామా ఉపయోగపడతాయి. ఇరుపక్షాలూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలను ప్రమాణపత్రంలో వెల్లడించాలని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న నిర్దేశించింది. మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుంచే మంజూరు చేయాలని కూడా ఆ తీర్పులో పేర్కొంది.

చెల్లింపు ఆగితే?

సొమ్ము బ్యాంకు ఖాతా ద్వారా అందేలా కోరడం ఇరుపక్షాలకూ మేలు. చెల్లించినవారికీ, అందనివారికీ అదే సాక్ష్యం. తల్లి నెలవారీగా తేదీ, మొత్తం రాసిపెట్టుకోవాలి.

చెల్లింపు ఆగిపోతే న్యాయస్థానం వారెంటు జారీ చేసి, జరిమానా వసూలు చేసే పద్ధతిలో బకాయిని రాబట్టవచ్చు. అప్పటికీ చెల్లించకపోతే ప్రతి నెల బకాయికి ఒక నెల వరకు జైలు విధించవచ్చు. జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయకపోతే ఆ సొమ్ముకు వారెంటు జారీ కాదు. ఉదాహరణకు, ప్రతి నెల 10వ తేదీన 4,000 రూపాయలు చెల్లించాలన్న ఉత్తర్వు ఉండగా, 2025 జనవరి నుంచి చెల్లింపు ఆగిందనుకుందాం. తల్లి 2026 జూన్ 15న దరఖాస్తు చేస్తే, 2025 జనవరి నుంచి జూన్ వరకు ఆరు నెలల బకాయి, అంటే 24,000 రూపాయలు, వారెంటు పరిధి దాటిపోతాయి. గడువులోగా వేసిన దరఖాస్తు పెండింగులో ఉండగా పెరిగే బకాయికి మళ్లీ కొత్త దరఖాస్తు అవసరం లేదని సుప్రీంకోర్టు 2005లో తీర్పు ఇచ్చింది. అందుచేత ఆలస్యం చేయకుండా మొదటి దరఖాస్తు వేయడమే ముఖ్యం.

తెలంగాణలో ఇచ్చిన ఉత్తర్వును సూరత్‌లోనూ అమలు చేయించవచ్చు. ఉత్తర్వు ప్రతిని న్యాయస్థానం ఉచితంగా ఇవ్వాలి. తండ్రి ఉన్నచోటి మేజిస్ట్రేటుకు రెండు విషయాలు రుజువు కావాలి: ఇరుపక్షాలు ఎవరన్నది, సొమ్ము అందలేదన్నది. గుజరాత్‌లోని జిల్లా న్యాయస్థానాల్లో వ్యవహార భాష గుజరాతీ కనుక, తెలుగు పత్రాలకు అనువాదం జతచేయడం మంచిది. గృహహింస నిరోధక చట్టం, 2005 కింద ఉత్తర్వు పొందినవారి విషయంలో, జీతంలో కొంత భాగాన్ని నేరుగా బాధితురాలికి చెల్లించాలని యజమానిని న్యాయస్థానం ఆదేశించవచ్చు.

పని పోయినా, ఆదాయం తగ్గినా తండ్రి తనంతట తాను చెల్లింపు నిలిపివేయకూడదు. మారిన పరిస్థితిని చూపి మొత్తాన్ని తగ్గించాలని న్యాయస్థానాన్ని కోరవచ్చు. పిల్లల ఖర్చు పెరిగితే పెంచాలని కోరే అవకాశం తల్లికీ ఉంది.

సహాయం ఎక్కడ?

న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. ఇందుకు సూరత్‌లో గాని, స్వస్థలంలో గాని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించాలి. జాతీయ న్యాయ సహాయ నంబరు 15100, మహిళల సహాయ నంబరు 181. ఫోన్ చేసేటప్పుడు ఉత్తర్వు ప్రతి, బకాయి నెలల వివరాలు దగ్గర ఉంచుకుంటే, ఏ నెలకు గడువు ఎప్పుడు ముగుస్తుందో వెంటనే తేల్చుకోవచ్చు.