ముల్లు చెప్పు మాట



ఎద్దుబండి తోలువానికి గేజీలతో పనిలేదు. ఎద్దు అలసినదా లేదా అన్న సంగతి దాని నడకయే చెప్పును. ఇరుసునకు కందెన చాలకున్నచో చక్రము కిఱ్ఱుమని తానే మొఱపెట్టుకొనును. మోటారు కారు నడుపువాని స్థితి అట్టిది కాదు. పెట్రోలు వెనుక నెక్కడనో తొట్టిలో నుండును. నూనె ఇంజను కడుపులో తిరుగుచుండును. నీరు రేడియేటరులో కాగుచుండును. వీనిలో ఏదియు అతని కంటికి కానరాదు. ఎదుటి పలకమీది నాలుగైదు ముండ్లు చెప్పు మాటను నమ్మి అతడు బండిని నడుపవలెను. ఆ ముండ్లే అబద్ధమాడినచో గతి యేమి? ఈ ప్రశ్న నాకు 1994వ సంవత్సరమున ఇంగ్లండులో ఎదురయ్యెను.

అప్పుడు నేను ఆ దేశపు నడిభాగమున ఒక పారిశ్రామిక పట్టణములో ఉద్యోగము చేయుచుంటిని. మా పొరుగింట వృద్ధదంపతులుండిరి. ఆయన కడ 1966లో తయారయిన రెండు సీట్ల స్పోర్ట్సు కారొకటి యుండెను. శీతకాలమంతయు శ్రమపడి, తుప్పు గీకి, లోపలను వెలుపలను ఆయన దానికి తన చేతులతోనే క్రొత్తరంగు వేసెను. వేసవిలో భార్యను ఆ కారులో వేల్సు సముద్రతీరమునకు తీసికొనిపోవలెనని ఆయన సంకల్పము. పెండ్లియైన క్రొత్తలో వారు పోయిన చోటది. ఆమెకు గుండెజబ్బు. దారిలో కారు నిలిచిపోయి, ఆమె గాలిలో వానలో గంటలకొలది రోడ్డుప్రక్కన కూర్చుండుట జరుగరాదు. కాని కారు ముండ్లు పిచ్చిపట్టినట్లు ప్రవర్తింపసాగెను. ఇంజను చల్లగానే యున్నను వేడిముల్లు ఎఱ్ఱగీత దగ్గఱకు పోవుచుండెను. పెట్రోలుముల్లు తొట్టిలో పావువంతున్నదని చూపుచుండగనే ఒకనాడు కారు ఊరిబయట ఆగిపోయెను. ఆయన క్రొత్త పెట్రోలు గేజి కొని తెచ్చెను. నడుము వంగదు గనుక, దానిని అమర్చుటకు నన్ను పిలిచెను.

ఆ మరమ్మతు కథ చెప్పుటకు ముందు ఈ ముండ్ల పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పవలసియున్నది. అవి తెలియనిచో రోగము తెలియదు.

తొలినాటి కార్లకు పెట్రోలు గేజి లేదు. 1908 మొదలు 1927 వరకు తయారయిన ఫోర్డు టీ మోడలు కార్లలో చాలవానిలో తొట్టి సీటు క్రింద నుండెడిది. సీటెత్తి, మూత తీసి, కఱ్ఱ ముంచి, అది ఎంతవఱకు తడిసినదో చూచుకొనెడివారు. నీటివేడి తెలిసికొనుటకు 1912 ప్రాంతమున అమెరికాలో రేడియేటరు మూతమీదనే ఒక థర్మామీటరును నిలిపిరి. నూనె ఒత్తిడిని చూపు సాధనము ఇంకను ప్రాచీనము. పారిస్ నగరమున యూజీన్ బూర్డాన్ అనునాయన 1849లో ఆవిరియంత్రముల కొఱకు దానిని కనిపెట్టెను. అది వంచిన ఒక చదునుగొట్టము. లోపలి ఒత్తిడి పెరిగినకొలది వంపు కొంచెము విచ్చుకొనును. ఆ కదలికయే ముల్లును త్రిప్పును. వేగము చూపు యంత్రమునకు 1902లో జర్మనీలో ఆటో షుల్ట్జె పేటెంటు పొందెను. చక్రముల చలనము ఒక మెలితీగద్వారా వచ్చి ఒక అయస్కాంతమును త్రిప్పును. దానిచుట్టు నున్న అల్యూమినియపు గిన్నె, తగులకయే, దానితో తిరుగబోవును. సన్నని స్ప్రింగు దానిని పట్టి యాపును. ఆ రెంటి పెనుగులాటలో ముల్లు నిలిచినచోటే వేగము.

వీనిలో ఒక సామాన్యధర్మము గమనింపుడు. నూనె తానే వచ్చి ముల్లును నెట్టుచున్నది. చక్రము తానే ముల్లును త్రిప్పుచున్నది. నడుమ దుబాసీ లేడు.

ఆ దుబాసీ విద్యుత్తు. 1912వ సంవత్సరపు కాడిలాక్ కారులో చార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చెను. అంతకుముందు ఇనుపహాండిలు త్రిప్పి ఇంజనును లేపెడివారు. అది ఎదురుదన్నినచో మణికట్టు విఱుగుట కద్దు. స్టార్టరునకు పెద్ద బ్యాటరీ కావలెను. బ్యాటరీకి మేత వేయుటకు డైనమో కావలెను. ఇన్ని వచ్చినతరువాత ఆ విద్యుత్తు ఊరకుండునా? దీపములు, హారను, అద్దము తుడుచు చేతులు, తుదకు గేజీలు, అన్నియు దాని కొలువున చేరినవి. ఇంగ్లండులో ఈ పనికి రెండు పేళ్లు ప్రసిద్ధములయ్యెను. ఒకటి బర్మింగ్‌హామున 1834లో జన్మించి, సైకిలు దీపములతో పేరు సంపాదించిన జోసెఫ్ లూకాస్ స్థాపించిన సంస్థ. రెండవది లండనులో గడియారముల దుకాణముగా 1851లో ఆరంభమయిన స్మిత్ వారిది. ఎం.జి., ట్రయంఫు మొదలగు స్పోర్ట్సు కార్ల పలకలమీద ఈ రెండవ పేరును, దీపములమీద మొదటి పేరును మీరు చూడవచ్చును. ఆబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు తయారయిన ఎం.జి.బి. కార్లే ఐదులక్షలకు పైబడినవి.

ఇక విద్యుత్తు నడచు దారి. బ్యాటరీనుండి దీపమునకు పోవుట కొక తీగ, మరలి వచ్చుట కొక తీగ కావలెను గదా. కారు శరీరమంతయు ఇనుమే గనుక, మరలివచ్చు దారిగా దానినే వాడుకొన్నచో సగము రాగి మిగులును. ఈ పొదుపు లోకమంతట వ్యాపించినది. శరీరమునకు కలుపు ఆ మరుదారికే ఎర్తు అని పేరు. 1930ల నుండి 1960ల వఱకు చాల బ్రిటిషు కార్లలో బ్యాటరీ ధనధ్రువమును శరీరమునకు కలిపిరి. తరువాత ఆల్టర్నేటరులును, ట్రాన్సిస్టరు సాధనములును వచ్చినప్పుడు ఋణధ్రువమునే కలుపు పద్ధతి స్థిరపడినది. ఎం.జి.బి.లో ఈ మార్పు 1967 చివర జరిగెను. పాతకారు యజమాని ధ్రువము చూచుకొనక క్రొత్తసాధనము తగిలించెనా, అది ఒక్కక్షణమున మాడిపోవును.

ఈ పొదుపునకు ఒక మూల్యమున్నది. ఇనుము తుప్పు పట్టును. తుప్పు విద్యుత్తును సరిగా పోనీయదు. రంగు అసలే పోనీయదు. తీగ చక్కగానే యుండును, బల్బు చక్కగానే యుండును. మరలు దారి మూసికొనుటచేత దీపము వెలుగదు.

1960లనాటి అనేక బ్రిటిషు కార్ల పెట్రోలు గేజిలో రెండు లోహముల నతికిన ఒక పట్టీ యుండును. దానికి చుట్టిన తీగలో విద్యుత్తు పాఱినకొలది వేడెక్కి, పట్టీ వంగి, ముల్లును మెల్లగా లేపును. తొట్టిలో తేలు బుడ్డి దిగినకొలది విద్యుత్తున కడ్డు పెరిగి, ముల్లు తగ్గును. అనగా ముల్లు చెప్పుచున్నది పెట్రోలు మాట కాదు, విద్యుత్తు మాట. అయితే డైనమో వేగమునుబట్టి కారులో విద్యుత్ పీడనము పన్నెండు ఓల్టులకు అటునిటు మారుచుండును గదా. అందుచేత స్టెబిలైజరను చిన్నడబ్బీ నొకదానిని నడుమ పెట్టిరి. అందులోను అట్టి పట్టీయే. అది వేడెక్కి వంగి తీగను విడుచును, చల్లారి మరల తాకును. ఇట్లు విడుచుచు తాకుచు సగటున పది ఓల్టులు మాత్రమే గేజీలకు పోనిచ్చును. ఈ పట్టీ వేడెక్కవలెనన్న ఆ డబ్బీకి ఎర్తు ఉండితీరవలెను.

ఇప్పుడు మన కథకు వత్తము. నేను గర్వముతో వచ్చి, స్పానరు పట్టుకొని, పలకక్రిందికి దూరితిని. బ్యాటరీ తీగ విప్పవలెనన్న మాట మఱచితిని. స్పానరు ఒకవంక గోధుమరంగు తీగ కొసకు, మఱొకవంక ఇనుపగోడకు తగిలెను. నిప్పురవ్వలు లేచి, తీగమీది పొర కాలి, పొగ క్రమ్మెను. నడుము వంగని ఆ వృద్ధుడే సీట్లవెనుకకు వంగి బ్యాటరీ తీగను ఊడలాగెను. ఆయన న న్నొక్కమాటయైన అనలేదు. తరువాత తెలిసినది: ఆ కార్ల రంగులపద్ధతిలో గోధుమరంగు తీగ తాళముచెవి తీసినను బ్రదికియే యుండునది; దానికి ఫ్యూజు రక్షణ కూడ లేదు. తెల్లది తాళము త్రిప్పినప్పుడు మాత్రమే బ్రదుకునది. ఆకుపచ్చది అట్టిదే, కాని ఫ్యూజు దాటి వచ్చునది. నల్లది ఎర్తు. ఈ నాలుగు రంగులు తెలిసినవానికి ఆ తీగలచిక్కు సగము విడిపోయినట్లే.

కాలిన తీగను మార్చి, క్రొత్త గేజి నమర్చితిని. ముల్లు పూర్వమువలెనే అబద్ధమాడెను. ఆయన మంచి డబ్బు వ్యర్థమయ్యెను.

అప్పుడా వృద్ధురాలు వాకిట నిలిచి ఒకమాట చెప్పెను. రాత్రి దీపములు వేసిన పెట్రోలు తగ్గుచున్నదట. ఆర్పిన మరల పెరుగుచున్నదట. ఆమె నవ్వుచు చెప్పినది, కాని రోగమంతయు ఆ మాటలోనే యున్నది. దీపములు వేసిన విద్యుత్ పీడనము తగ్గును. దానితో ముల్లును తగ్గెనన్న, స్టెబిలైజరు తన పని చేయుటలేదన్నమాట. ఒక్క గేజి చెడిన ఒక్క ముల్లే తప్పు చూపవలెను. రెండును కలిసి పైకి పోయినవన్న, దోషము వానికి ఉమ్మడియైన చోట నుండవలెను. ఇంత సులభమైన విచారము నాకు ముందుగా తోచలేదు.

పన్నెండు ఓల్టుల బల్బున కొకదానికి రెండు తీగలు కట్టితిని. ఒకతీగను ఇనుమునకు, రెండవదానిని స్టెబిలైజరు వెలుపలి కొసకు తాకించితిని. అది మినుకు మినుకుమనవలసినది, నిలుకడగా వెలుగుచుండెను. డబ్బీని బిగించిన మఱ విప్పి చూడగా, దానిక్రింద అందమైన క్రొత్తరంగు! ఆయన శీతకాలమంతయు ప్రేమతో పూసిన రంగే ఆ డబ్బీకి ఎర్తు లేకుండ చేసినది. ఎర్తు లేక పట్టీ వేడెక్కలేదు. వేడెక్కక తీగను విడువలేదు. ఉన్న ఓల్టులన్నియు నేరుగా గేజీలకు పోవుచుండెను. చాకుతో నాణెమంత మేర రంగు గీకి, మఱ బిగించితిని. బల్బు మినుకుమనసాగెను. రెండు ముండ్లును మెల్లగా దిగి తమచోట నిలిచినవి. ఖర్చు కానిలేదు.

బ్రిటిషు కార్లప్రియులు లూకాస్ పేరుకు అంధకారప్రభువని ఒక పరిహాసనామము కల్పించిరి. నవ్వుకొనుటకు బాగున్నది. కాని ముప్పది నలువది యేండ్లు వానలో నిలిచిన ఇనుము, ఊడిన నల్లతీగ, మనము పూసిన రంగు, మనము అతికిన తీగముక్కలు: ఈ నేరములు ఎన్ని ఆ పేరుమీద పడినవో! కనుక స్వయముగా మరమ్మతు చేసికొనువారికి నా మనవి ఇది. ముందు బ్యాటరీ తీగ విప్పుడు. పరీక్షకు మాత్రమే మరల కలుపుడు. ఒక్కటి చెడినదో, కొన్ని కలిసి చెడినవో చూడుడు. కలిసి చెడిన, వాని ఉమ్మడిదారిని వెదకుడు. ఫ్యూజును, ఎర్తును గీకి శుభ్రపఱచి చూచినపిమ్మటనే క్రొత్తవస్తువు కొనుడు. మాడిన ఫ్యూజుచోట లావుతీగను మాత్రము పెట్టకుడు. ఫ్యూజు మాడుట కారు మాడకుండుటకే.

జూనులో ఆ దంపతులు బయలుదేరిరి. పలకమీద పెట్రోలుముల్లు సగమునకు పైగా చూపుచుండెను. ఆయన దానిని చూచి తల యూపి, కారు దిగి, వెనుకకు పోయి, తొట్టిమూత తీసి, ఒక వెదురుపుల్ల ముంచి చూచుకొనెను. పుల్ల కూడ అదే చెప్పినది. అప్పుడు కారెక్కిరి. నాలుగుదినములకు క్షేమముగా తిరిగివచ్చిరి. ఆ పుల్లను ఆయన సీటువెనుకనే ఉంచుకొనెను.