సున్నా ఆంపియర్లు

అర్ధరాత్రి దాటింది. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో సర్చు. ఎత్తు దాదాపు 4,290 మీటర్లు. వ్యాన్ అద్దం మీద లోపలి వైపే మంచు పేరుకుంది. అక్క గోటితో గీస్తే పొడిలా రాలుతోంది. నిద్రలో ఊపిరి ఆగకుండా ముఖానికి పెట్టుకునే సీపాప్ మాస్కు తీసి పక్కన పెట్టాడు బావ. గోడకున్న మీటర్లో బ్యాటరీ 18 శాతం.

"ఎందుకు తీశారు? నిద్రలో ఊపిరాడకపోతే?"

"నిద్రపోతే కదా. తెల్లారేదాకా కూర్చుంటా."

తలకు టార్చి కట్టుకుని లాంగ్‌బుక్కు తెరిచాడు. 18 శాతమంటే 460 వాట్ అవర్లు. సీపాప్ గంటకు 40, డీజిల్ హీటరు ఫ్యానుకు 20, ఫ్రిజ్‌కు సగటున 15. మూడూ నడిస్తే గంటకు 75. ఎండ పడేది ఏడింటికి. ఇంకా ఏడు గంటలు. 525 కావాలి.

అరవై ఐదు తక్కువ.

ఆ లెక్క పెన్సిల్‌తో వేసిన పేజీని బావ నాకు చూపించాడు. చలికి అంకెలు వంకరపోయాయి. ముప్పై ఏళ్లకు పైగా కరెంటాఫీసులో లైన్‌మన్‌గా, తర్వాత లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి చేతిరాత అది. ఆ పుస్తకం, వాళ్లిద్దరూ చెప్పిన మాటలు, ఈ కథకు నాకున్న ఆధారం అంతే.

పుస్తకం మొదటి పేజీ ఖమ్మంలో మొదలైంది. రిటైరైన మూడో నెలలో పాత ట్రావెలర్ వ్యాన్ కొని, విజయవాడ ఆటోనగర్‌లో లోపలి పని చేయించాలని నిర్ణయించుకున్నారు. వ్యాన్‌లో కాపురమంటే అందరూ ముందు మంచం సంగతి, వంటగట్టు సంగతి మాట్లాడతారు. బావ ముందు రాసింది ఒకే ప్రశ్న: "రాత్రిపూట ఏది ఆగకూడదు?" దాని కింద రెండే పేర్లు. "ఆమె ఇన్సులిన్. నా మిషను."

తర్వాత ఒక్కొక్కటీ. నలభై అయిదు లీటర్ల చిన్న ఫ్రిజ్ రోజుకు 360 వాట్ అవర్లు. సీపాప్, తేమ పెట్టె ఆపేసి, ఎనిమిది గంటలకు 320. ఫ్యాను 200. దీపాలు 100. ఫోన్లు 60. నీళ్ల మోటారు 20. మొత్తం 1,060. మన ఇంటి మీటరు భాషలో యూనిట్ పైచిలుకు. ఇంట్లో అది లెక్కలోకే రాదు. వ్యాన్‌లో ప్రతి వాట్‌నూ మోసుకెళ్లాలి.

అక్కకు ఇండక్షన్ పొయ్యి కావాలనిపించింది, సిలిండర్ భయంతో. బావ కాగితం మీద చూపించాడు. 1,800 వాట్ల పొయ్యి ఇంట్లో 230 ఓల్టుల మీద ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది. అదే పన్నెండు ఓల్టుల బ్యాటరీ మీదైతే, ఇన్వర్టరు తినేది కలిపి, 160. బొటనవేలంత లావు తీగలు కావాలి. ఎక్కడ బోల్టు కాస్త వదులైనా అక్కడ నిప్పే. పైగా అరగంట వంటకు ఒక రోజు కరెంటు ఆవిరి. "అయితే గ్యాసే పెట్టండి," అందక్క. నా మట్టుకు ఆ వ్యాన్‌లో వాళ్లు తీసుకున్న మంచి నిర్ణయాల్లో అది మొదటిది.

బ్యాటరీ దగ్గర నెల రోజులు గడిచాయి. దుకాణాయన 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్లు రెండు పెట్టమన్నాడు, ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడేవి. ఒక్కోటి యాభై కిలోల పైనే. సగానికి మించి దించితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి రెండూ కలిసి వాడుకోవడానికి ఇచ్చేది 1,800 వాట్ అవర్లు. ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. మనుషులు పడుకునే డబ్బాలో అది పనికిరాదు.

చివరికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 200 ఏహెచ్, 12.8 ఓల్టులు, అంటే 2,560 వాట్ అవర్లు, బరువు పాతిక కిలోలు. రెండు రోజులు సూర్యుడు కనపడకపోయినా ఇంకా 440 మిగులుతుంది. ఈ పదార్థం సంగతి 1997లో లోకానికి చెప్పిన వ్యాసం మీద గుడెనఫ్‌తో పాటు పాధి, నంజుండస్వామి అనే రెండు మన దేశపు పేర్లున్నాయని బావ చాలా గర్వంగా చెప్పాడు. గుడెనఫ్‌కు 2019లో, 97 ఏళ్ల వయసులో, నోబెల్ వచ్చింది. ఫాస్ఫేట్ తన ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. అందుకే ఫోన్లలో ఉండే లిథియం రకాలంత తేలిగ్గా ఇది మంటకు లొంగదు. మంచం కింద పెట్టుకోదగ్గ బ్యాటరీ.

పైకప్పు మీద 200 వాట్ల ప్యానెళ్లు రెండు. ఇంజను నడిచేటప్పుడు ఎక్కించుకోవడానికి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జరు. ఆల్టర్నేటర్‌కు లిథియంను నేరుగా కలిపితే అది దొరికినంతా గుంజుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. మధ్యలో ఈ పెట్టె ఉంటే కొలిచి ఇస్తుంది. అంతా పద్ధతిగానే ఉంది.

ఒక్కచోట చెయ్యి పాత అలవాటు ప్రకారం పోయింది. మంచం కింద జాగా బియ్యానికి, పచ్చళ్ల జాడీలకు కావాలి. "బ్యాటరీ ఎప్పుడైనా బయట ఉండేదే కదా," అన్నాడు మేస్త్రి. యాసిడ్ బ్యాటరీలతో ముప్పై ఏళ్లు గడిపిన బావకు అది సహజంగానే తోచింది. చాసిస్ కింద ఇనుప పెట్టె కట్టి అందులో బిగించారు. లోపల పెట్టుకోవచ్చని ఏరి ఏరి కొన్న దాన్ని బయట పెట్టారు.

ఖమ్మం ఎండలో, గోవాలో, రాజస్థాన్‌లో ఏ ఇబ్బందీ లేదు. సెప్టెంబరు ఆఖర్లో అటల్ టన్నెల్ దాటి జిస్పా చేరేసరికి మబ్బు పట్టింది. పైన బారాలాచా లా కనుమ మీద మంచు పడి దారి ఆపేశారు. రెండు రాత్రులు అక్కడే. బ్యాటరీ వంద నుంచి ముప్పైకి దిగింది. మూడో రోజు దారి ఇచ్చారు. బండి నడుస్తుంటే ఎక్కుతుందిలే అనుకున్నాడు బావ. 4,890 మీటర్ల కనుమ మీద బురదమంచు చక్రాల కింద నుంచి ఎగిరి పెట్టె మీద పడుతూనే ఉంది. సర్చులో బండి ఆపి చూస్తే శాతం ఒక్కటీ పెరగలేదు.

ఆ అర్ధరాత్రి లెక్కకు జవాబు అక్క చెప్పింది.

"ఫ్రిజ్ ఆపెయ్యండి. బయటంతా ఫ్రిజ్జే కదా."

ఇన్సులిన్‌కు ఇక్కడ వేడి కంటే గడ్డకట్టడమే ప్రమాదం. ఒక్కసారి గడ్డకడితే తర్వాత కరిగినా పారెయ్యాల్సిందే. ఆవిడ సీసాలు తీసి, చేతిరుమాల్లో చుట్టి, స్వెటర్ లోపల, శాలువా కింద పెట్టుకుంది. పొద్దున ఎక్కుతుందో లేదోనని బావ మాస్కు మళ్లీ పెట్టుకోలేదు. సీపాప్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది. హీటరొక్కటే సన్నగా రొద పెడుతోంది. ఇద్దరూ ఒకే దుప్పట్లో కూర్చున్నారు. బావ కళ్లు మూతపడినప్పుడల్లా అక్క మోచేత్తో పొడిచేది. పిల్లల చిన్నప్పటి సంగతులన్నీ ఆ రాత్రి అయిపోయాయట.

ఏడింటికి కొండ మీది నుంచి ఎండ ప్యానెళ్ల మీద పడింది. మీటర్లో 12 శాతం. ప్యానెళ్లలో ఓల్టేజి ఉంది. బ్యాటరీకి పోయే కరెంటు సున్నా. ఇంజను స్టార్టు చేశాడు. సున్నా. అప్పుడు ఫోన్‌లో బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్‌ను తెరిచి చూస్తే కనిపించింది: ఉష్ణోగ్రత మైనస్ 4.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చలిలో కరెంటు ఇస్తుంది, పుచ్చుకోదు. ఛార్జింగ్‌లో లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి దూరాలి. గడ్డకట్టే చలిలో ఆ దూరడం మందగించి, పైనే లోహంలా పేరుకుంటుంది. అలా పేరుకున్నది చాలావరకు మళ్లీ పనికిరాదు, లోపల షార్టుకూ దారి తీయొచ్చు. అందుకే సున్నా దగ్గర కాపలా సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. ముందు రోజు నుంచీ అది తన పని తను సరిగ్గానే చేసింది.

బావ ముందు హీటరు, తర్వాత ప్యానెళ్ల స్విచ్చు కట్టేశాడు. బండి కింద మంచులో గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. పక్కన ఆగిన లారీ నుంచి ఒక సర్దార్జీ డ్రైవరు దిగి, ఏమీ అడక్కుండా స్పానర్ అందుకున్నాడు. నాలుగు బోల్టులు. పాతిక కిలోల బ్యాటరీని ఇద్దరూ లాగి, పక్క తలుపు మెట్టు మీదికి ఎత్తారు. వైరు అందుతుందా?

అందింది. స్తంభం మీద ఏ సర్వీసు వైరు లాగినా చివర ఒక లూపు వదలడం లైన్‌మన్ అలవాటు. ఎప్పుడైనా చివర కాలితే కోసి మళ్లీ కట్టుకోవడానికి. వ్యాన్‌లోనూ మూరెడు లూపు వదిలాడు బావ. ఆ మూరెడే సరిపోయింది.

తలుపు మూసి, స్విచ్చులు మళ్లీ వేసి, హీటరు వేడిగాలి అటు తిప్పి, అక్క తన రగ్గు తీసి బ్యాటరీకి కప్పింది. మైనస్ 4. మైనస్ 2. సర్దార్జీ టీ పెట్టుకుని తెచ్చాడు. పది దాటింది. సున్నా. ఒకటి. మూడు.

మీటర్ మీద ముల్లు కదిలినట్టు అంకె మారింది. 2 ఆంపియర్లు. కాసేపటికి 11. తర్వాత 19.

"ఎక్కుతోంది," అన్నాడు బావ. అక్క శాలువా కింద చెయ్యి పెట్టి సీసాలు తడుముకుంది.

ఖమ్మం తిరిగొచ్చాక ఆటోనగర్‌లో ఒక పూట పని చేయించారు. బ్యాటరీ ఇప్పుడు అక్క మంచం కింద ఉంది. చాసిస్ కింద ఇనుప పెట్టెలో ఆవకాయ జాడీ, గోంగూర జాడీ ప్రయాణం చేస్తున్నాయి.