మహమ్మారి – నౌకాయాన పాలన: అచ్చంపేట ప్రాంత మిరప వాణిజ్యం నేపథ్యంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లాలోని అచ్చంపేట మండలం కృష్ణకు దక్షిణాన ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి తరలిపోక మునుపు కేంద్రంగా చేసుకొన్న చింతపల్లి ఈ మండలంలోనిదే. ఇక్కడి నల్లరేగడిలో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. సముద్రం ఈ నేలకు దూరం. అయినా ఇక్కడ పండిన మిరప గుంటూరు యార్డుకు చేరి, అక్కడి నుండి చైనా, బంగ్లాదేశ్, ఆగ్నేయాసియా దేశాల గిరాకీని బట్టి ధర పలుకుతుంది. భారతదేశపు సుగంధ ద్రవ్యాల ఎగుమతుల్లో పరిమాణం రీత్యా మిరపదే ప్రథమ స్థానం. కనుక ఓడరేవు పాలన తీరప్రాంతానికే పరిమితమైన విషయం కాదు. రేవులో నిలిచిన ఓడ ప్రభావం అచ్చంపేట కళ్ళం దాకా వస్తుంది.

2020 నాటి కోవిడ్ మహమ్మారి ఈ సంబంధాన్ని బహిర్గతం చేసింది. సముద్ర వాణిజ్యంలో విపత్తు సంభవించినప్పుడు ఆలస్యం వల్ల కలిగే నష్టం ఎవరు భరించాలి? నౌకాయాన చట్టాలు ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం ఏమిటి, ఇవ్వనిది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

మోటుపల్లి శాసనం: ఒక ప్రాచీన సమాధానం

ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో, మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు పూర్వం తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరకును పాలకులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని విడిచి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటానని ద్వీపాంతర వర్తకులకు అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పయింట ఒక వంతుగా సుంకం నిర్ణయించాడు.

ఈ శాసనాన్ని చరిత్రకారులు సాధారణంగా విదేశీ వాణిజ్య ప్రోత్సాహానికి నిదర్శనంగా చూపుతారు. అందులో పాలనాసూత్రం కూడా ఇమిడి ఉంది. విపత్తుకు గురైనవానిపై మరొక భారం మోపకూడదన్నదే ఆ సూత్రం. రాజుకు ఆదాయం వచ్చే సందర్భంలోనే రాజు తనకు తాను హద్దు గీసుకొన్నాడు. అయితే ఆ రక్షణ ఓడకూ, ఓడ యజమానికీ, వర్తకునికీ వర్తించింది. సరకును పండించినవాడు, ఓడ నడిపినవాడు ఆ అభయంలో ప్రత్యేకంగా కనిపించరు. ఈ లోపం తరువాతి చట్టాలలోనూ కొనసాగింది.

వ్యాధిని ఆపే చట్టాలు

వ్యాధికీ ఓడకూ ఉన్న సంబంధం ఆధారంగానే క్వారంటైన్ పద్ధతి పుట్టింది. 1377లో ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం, తెగులు ఉన్న ప్రాంతాల నుండి వచ్చేవారిని 30 రోజులు వేరుగా ఉంచాలని శాసించింది. 1851లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ పారిశుధ్య సమావేశం ఈ నియమాలను దేశాల మధ్య సమన్వయపరచడానికి జరిగిన తొలి ప్రయత్నం.

భారతదేశంలో 1896 నాటి బొంబాయి ప్లేగు తరువాత, 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. 1908 నాటి భారత ఓడరేవుల చట్టం, ఓడల ద్వారా అంటువ్యాధులు ప్రవేశించకుండా నియమాలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవు మీదుగానే దేశంలోకి ప్రవేశించింది. 1920లో అంటువ్యాధుల చట్టానికి 2ఎ సెక్షన్ చేర్చి, ఓడల తనిఖీ, ప్రయాణికుల నిర్బంధం వంటి అధికారాలను కేంద్ర ప్రభుత్వానికి కట్టబెట్టారు. స్వాతంత్ర్యానంతరం 1955లో రేవుల ఆరోగ్య నియమాలు వచ్చాయి.

ఈ పరంపరలో ఓడను ఎప్పుడు ఆపాలి, ఎవరు ఆపాలి అన్నదే ముఖ్యాంశం. ఆగిన కాలంలో సరకు విలువ పడిపోతే ఎవరు బాధ్యులు, ఓడలోని కళాసీ ఇంటికెలా చేరాలి అన్న ప్రశ్నలు వాటిలో ప్రధానం కాలేదు. 2020 నాటికి దేశం చేతిలో ఉన్నది ప్రధానంగా ఈ వారసత్వమే.

2020 మార్చి: రేవు నుండి యార్డు దాకా

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయింది. ఓడరేవులను అత్యవసర సేవలుగా గుర్తించి నడిపించారు. కాని రేవు తెరిచి ఉన్నంత మాత్రాన వాణిజ్యం సాగదు. లారీలు, హమాలీలు, ఏజెంట్ల కార్యాలయాలు ఆగిపోవడంతో కంటైనర్లు పేరుకుపోయాయి. 2020 మార్చి 29న నౌకాయాన డైరెక్టరేట్ జనరల్, మార్చి 22 నుండి ఏప్రిల్ 14 వరకు కంటైనర్లపై డిటెన్షన్ రుసుము విధించవద్దని నౌకా సంస్థలకు సూచించింది. ఆ తరువాత గడువు పొడిగించింది. మోటుపల్లి సూత్రానికి ఇది ఆధునిక రూపమని చెప్పవచ్చు.

అయితే ఈ ఉపశమనం నౌకా సంస్థకూ సరకుదారుకూ మధ్య ఉన్న ఒప్పందానికే పరిమితం. గుంటూరు యార్డుకు మిరప ముమ్మరంగా వచ్చే కాలం ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు. సరిగ్గా ఆ సమయంలోనే యార్డు మూతపడింది. అమ్ముడుపోని సరకు శీతల గిడ్డంగులను ఆశ్రయించవలసిందే. గిడ్డంగి అద్దె, అప్పుపై వడ్డీ, తూకంలో తరుగు ఇవన్నీ ఆలస్యానికి మూల్యమే. వీటిని స్పృశించే అధికారం నౌకాయాన శాఖకు లేదు. ఓడ ఆగినందుకు రుసుము వద్దని చెప్పిన పాలన, బస్తా ఆగినందుకు ఎవరు చెల్లించాలో చెప్పలేదు.

రెడ్డిపాలెం రైలు: చిన్న సరకు సమస్య

గుంటూరు పరిసరాల రైతులు, వర్తకులు బంగ్లాదేశ్‌కు ఎండుమిర్చిని చిన్న మొత్తాలలో రోడ్డు మార్గాన పంపేవారు. లాక్‌డౌన్‌లో ఆ మార్గం మూసుకుపోగా గూడ్సు రైళ్ళను ఆశ్రయించారు. కాని గూడ్సు రైలుకు ఒక్క విడతలో 1,500 టన్నులకు పైగా సరకు సమకూర్చాలి. చిన్న వర్తకునికి అది అసాధ్యం. అప్పుడు దక్షిణ మధ్య రైల్వే ప్రత్యేక పార్సిల్ రైలును ఏర్పాటు చేసింది. 2020 జూలైలో గుంటూరు సమీపంలోని రెడ్డిపాలెం నుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు 16 పార్సిల్ వ్యాన్లలో సుమారు 384 టన్నుల ఎండుమిర్చి వెళ్ళింది. టన్నుకు రోడ్డు రవాణా ఖర్చు 7,000 రూపాయలు కాగా, రైలులో 4,608 రూపాయలయింది.

ఈ ఉదంతం రెండు విషయాలు తెలుపుతుంది. రవాణా వ్యవస్థ కనీస పరిమాణాన్ని తగ్గించినప్పుడే చిన్న ఉత్పత్తిదారు విపత్కాలంలో నిలబడగలడు. రెండవది, ఈ పరిష్కారం భూమార్గం ఉన్న పొరుగుదేశానికే సాధ్యం. తేజ రకం మిరపను ఎక్కువగా కొనే చైనాకు సముద్రమార్గం తప్పదు. 2021 ఆగస్టులో ఒక్క కోవిడ్ కేసు కారణంగా చైనాలోని నింగ్‌బో రేవులో మెయ్‌షాన్ టెర్మినల్‌ను సుమారు రెండు వారాలు మూసివేశారు. డ్రూరీ సూచీ ప్రకారం 2019లో సగటున 1,420 డాలర్లున్న నలభై అడుగుల కంటైనరు రవాణా ధర 2021 సెప్టెంబరులో 10,000 డాలర్లు దాటింది. ఈ ధరలను నిర్ణయించడంలో ఎగుమతి చేసే వర్ధమాన దేశపు రైతుకు గాని, వర్తకునికి గాని పాత్ర లేదు.

సరకు కదిలింది, మనిషి ఆగాడు

మహమ్మారి కాలంలో పాలన సరకుకు దారి వెతికినంతగా మనిషికి వెతకలేదు. ఓడ సిబ్బంది మార్పిడికి భారత ప్రభుత్వం 2020 ఏప్రిల్ 21న విధివిధానాలు ప్రకటించింది. కాని విదేశీ రేవులు అనుమతించనిదే అవి ఫలించవు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను అనేక దేశాలు ఆమోదించినా, 2020 చివరికి దాదాపు 4 లక్షల మంది నావికులు ఒప్పంద కాలం ముగిసినా ఓడల్లోనే ఉండిపోయారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అంచనా వేసింది. భారతీయ నౌక జగ్ ఆనంద్ 23 మంది సిబ్బందితో 2020 జూన్ నుండి చైనాలోని జింగ్‌టాంగ్ రేవు వద్ద నిలిచిపోయి, 2021 జనవరిలో సిబ్బంది మార్పిడికై జపాన్‌కు బయలుదేరింది. ఆస్ట్రేలియా బొగ్గుపై వాణిజ్య వివాదం, కోవిడ్ నిబంధనలు ఈ ఉదంతంలో పెనవేసుకొన్నాయి. ఆరోగ్య నియమం ఎక్కడ ముగిసి రాజకీయం ఎక్కడ మొదలయిందో విడదీయడం కష్టం.

దేశం లోపల కూడా ఇదే స్థితి. ఉత్తరాంధ్ర తీరం నుండి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వలసవెళ్ళిన 4,000 మందికి పైగా మత్స్యకారులు లాక్‌డౌన్‌లో అక్కడి రేవులోని పడవల్లోనే తలదాచుకొన్నారు. రెండు రాష్ట్ర ప్రభుత్వాల మధ్య సంప్రదింపుల తరువాతనే వారు బస్సుల్లో స్వస్థలాలకు చేరగలిగారు. సముద్రం మీద బతికేవారు రోడ్డు మీదుగా ఇల్లు చేరవలసి రావడం, తీర పాలనలో వలస మత్స్యకారునికి స్థానం లేకపోవడాన్ని సూచిస్తుంది.

ముగింపు

గణపతిదేవుని శాసనం నుండి 2020 నాటి ఉత్తర్వుల వరకు నౌకాయాన పాలన విపత్తులో ఓడను, సరకుదారును ఆదుకొనే మార్గాలను కొంతమేరకు రూపొందించుకొంది. ఆ గొలుసు రెండు కొసల్లో ఉన్న రైతు, నావికుడు ఆ రక్షణకు వెలుపలే ఉన్నారు. ఆలస్యపు భారం చేతులు మారుతూ, దాన్ని మరొకరికి బదలాయించలేని వానివద్ద ఆగుతుంది. 1908 నాటి ఓడరేవుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. దాని కింద రూపొందే నియమాలలో అంటువ్యాధుల కాలానికి సంబంధించి మూడు అంశాలు చేరడం అవసరం: సిబ్బంది మార్పిడికి తప్పనిసరి హామీ, చిన్న మొత్తాల సరకుకు రవాణాలో చోటు, రేవు ఆలస్యానికీ లోతట్టు గిడ్డంగి భారానికీ మధ్య లెక్క. ఇవి లేనంతవరకు రేవులో ప్రకటించిన ఉపశమనం అచ్చంపేట కళ్ళం దాకా చేరదు.