నాచుబుట్టలో బదనిక

కాకినాడలో ఉప్పుటేటి మీది వంతెన దాటి జగన్నాథపురము వైపు నిత్యము వేలకొలది జనులు రాకపోకలు సాగింతురుగాని, వృక్షజాతులకు నామకరణవిధిని నేర్పిన స్వీడను పండితుడు లిన్నేయసునకు ప్రత్యక్షశిష్యుడైన యొకడు 1785 జూన్ నెలలో ఆ పేటలోనే అతిసారవ్యాధిచే తనువు చాలించెనని యెరిగినవారు బహు స్వల్పము. ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. తరంగంబాడిలోని డేనిషు స్థావరమునకు వైద్యుడుగా వచ్చి, అటుపై ఆర్కాటు నవాబు కొలువున చేరి, తుదకు ఈస్టిండియా కంపెనీవారికి ప్రకృతిశాస్త్రజ్ఞుడై, సయాము మలక్కా ప్రాంతముల యడవులు తిరిగి ఆయన వ్రాసిపెట్టిన ఆర్కిడ్ వర్ణనలు, కర్త గతించిన ఆరేండ్లకు, 1791లో, వృక్షశాస్త్రజ్ఞుడు రెట్జియసు గ్రంథమున అచ్చుపడినవి. ఆర్కిడ్‌ను నాచులో నాటి నీరు పోయు పద్ధతి యెచ్చట పుట్టినదా యని తీగ లాగబోయిన నాకు, డొంక కదలి కదలి జగన్నాథపురమున తేలుట యెంత ముచ్చట గొలిపినదో చెప్పజాలను.

కోనిగ్ మరణశయ్య చెంత ఉపచారము చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈ స్కాట్లండు వైద్యుడు 1781లో సామర్లకోటకు వచ్చి 1793లో కలకత్తా వనమునకు అధిపతియై తరలిపోవు వరకును గడపిన పండ్రెండేండ్లును, నా మట్టుకు నాకు, ఈ కథలోని స్వర్ణయుగము. కావున పాఠకులు మన్నింతురుగాక, అచ్చట కొంత తడవు నిలిచెదను. సామర్లకోట తోటలో ఆయన కాఫీ, దాల్చినచెక్క, సీమపనస, మల్బరీ మున్నగునవి పెంచి చూచెను. రాజమహేంద్రవరపు కొండలలో పుట్టిన మిరియపు తీగలను దింపుకొని వచ్చి నాటించెను. అంతకంటె ఘనమైన పని వేరొకటి కలదు: ఇచ్చటి చిత్రకారులను కూర్చుండబెట్టి, కోసి తెచ్చిన కొమ్మను కోసినట్లు, రేకు రేకునకు రంగు తప్పకుండ లిఖింపజేసెను. 1790 నాటికి అట్టి చిత్రములు ఇంచుమించు ఏడువందలు సిద్ధమైనవి. వాటిలోనుండి యేరిన మూడువందలు లండనులో సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణమున 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడినవి. కోరమాండలు తీరపు మొక్కలని ఆ గ్రంథమునకు పేరు. దాని ముఖపత్రమున రాక్స్‌బర్గ్ పేరున్నది, బ్యాంక్స్ పేరున్నది, కంపెనీ డైరెక్టర్ల ప్రసక్తియు నున్నది. కుంచె పట్టినవాని పేరు మాత్రము లేదు. రాజుల దానశాసనమున అక్షరము చెక్కిన శిల్పి సైతము తన పేరు తుదిని చెక్కుకొనిన దేశమున, ఈ మూడువందల పటములు అనామకములై మిగులుట నాకు మ్రింగుడుపడని సంగతి.

ఆ పటములలో నలువదిరెండవది చూడదగినది. మన మామిడితోటలలో కొమ్మను కరచుకొని, తెల్లని లావుపాటి వేళ్ళను గాలిలోనికి వ్రేలవిడిచి, పసుపుపచ్చని రేకులపై గోధుమవన్నె గళ్ళతో పూయు బదనిక యను ఆర్కిడ్ అది. దాని తరువాతి రెండు పటములును చెట్టుపై బ్రదుకు దాని దాయాదులవే. రైతు దీనిని చెట్టుకు పట్టిన పీడగా తలచి కొడవలితో గీకివేయుచుండగా, వంగదేశపు వైద్యులు దీని వేరునే రాస్నయని మందులలో వాడిరి. నిజమునకు ఇది చెట్టు రసమును త్రాగదు. కూర్చుండుటకు చోటు మాత్రమే కోరును.

ఈ మొక్కకు మన్ను పనికిరాదన్న సంగతి ఐరోపావారికి తలకెక్కుటకు చాలకాలము పట్టినది. కుండ నిండ మన్ను కూరి, గాలి చొరని వేడియద్దాల యిండ్లలో మ్రగ్గబెట్టి వారు చంపిన ఆర్కిడ్లకు లెక్క లేదు. మొదట దారి మళ్ళినవారిలో ఆ బ్యాంక్స్ దొరయే యొకడు. కోరమాండలు తీరమున కాలైనను మోపని యీయన, ఐల్‌వర్త్ తోటలో సన్నని పుల్లలతో గాలియాడు బుట్టలల్లించి, అడుగున పలుచగా ఆకుమన్ను చల్లి, మొక్కను నిలిపి, పైని తేమ యారకుండునంత నాచు కప్పించెను. ఈ విధానము 1817లో అచ్చులోనికి వచ్చినది. 1820లో ఆయన గ్రంథాలయాధికారి రాబర్ట్ బ్రౌన్ వాండా యను ప్రజాతిని నెలకొల్పి, మన బదనికకు రాక్స్‌బర్గ్ పేరు తగిలించెను. అప్పటికి రాక్స్‌బర్గ్ గతించి అయిదేండ్లు.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పవచ్చును. లాడిజెస్ అను మొక్కల వర్తకులు పుచ్చిన కర్రపేళ్ళు, నాచు, ఇసుక కలిపిరి. తోటపని నిపుణుడు పాక్స్‌టన్ ఇంగ్లండులోని చాట్స్‌వర్త్‌లో కిటికీలు తెరచి గాలి రానిచ్చెను. క్రమముగా చిత్తడినేలల స్ఫాగ్నము తక్కిన నాచులను వెనుకకు నెట్టినది. దాని యాకులో సగము పైగా ప్రాణము లేని బోలుకణములే. వాటి గోడల రంధ్రముల గుండ నీరు చొచ్చి, ఎండుబరువునకు పదునైదిరువది రెట్లు నిలుచును. ఆ గుణము చేతనే మొదటి ప్రపంచయుద్ధమున దూది చాలక దీనిని సైనికుల గాయములకు కట్టిరి.

ఇప్పుడది న్యూజిలాండు, చిలీ దేశముల నుండి ఎండి, అణగి, పొట్లములలో మన నర్సరీలకును వచ్చుచున్నది. చలిదేశపు పొడిగదులలో మన కొమ్మమీది తేమను కల్పించుటకు పనికివచ్చిన నాచును, గాలియే తడిగుడ్డవలె నుండు కాకినాడ వానకాలమున రోజూ తడుపుట వేళ్ళను కుళ్ళబెట్టుటయే. నాచును నానబెట్టి, గట్టిగా పిండి, వేళ్ళ చుట్టును వదులుగా చుట్టవలెను, అదిమి కూరరాదు. చిల్లులున్న మట్టికుండ మేలు. పైభాగము వెలవెలబోయి, వ్రేలికి బొత్తిగా తడి తగలనప్పుడే మరల నీరు. అదియు వాననీరైన శ్రేష్ఠము, ఏలయన సముద్రపుటొడ్డు బోరునీటి యుప్పు నాచులో పేరుకొని వేరుకొనలను మాడ్చును. నీరు తగిలిన వేరు పచ్చబడును, దాహము గొన్న వేరు తెల్లబారును. ఏడాది రెండేండ్లలో నాచు చివికి ముద్దయగును, అప్పుడు మార్చవలసినదే.

బదనికకు ఇంత హంగామాయు నక్కరలేదు. కోనసీమ కొబ్బరిడొక్క ముక్కలు, బొగ్గు, ఇటుకపెంకులు వేసి వ్రేలగట్టిన చాలును. లేదా జనపనారతో మామిడికొమ్మకే కట్టి, వేసవిలో మాత్రము ప్రొద్దుటిపూట నీరు చిలుకరించుచు, వేళ్ళు బెరడును పట్టుకొనగానే నార విప్పివేయవచ్చును.