నెలకో జాగ్రత్త

మనకు మాసానికో వ్రతం ఉన్నట్టు అమెరికాలో నెలకో జాగ్రత్త ఉంది. ఫిబ్రవరి గుండెకు, మే నీటి భద్రతకు, జూన్ ప్రమాదాల నివారణకు, సెప్టెంబర్ విపత్తుల సన్నద్ధతకు. నెల మారగానే లైబ్రరీ నోటీసు బోర్డు మీద పోస్టరు మారుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇదంతా సర్కారీ తంతులా అనిపిస్తుంది. కానీ తవ్వి చూస్తే వీటిలో చాలావాటి వెనక ఒక ఘోరమో, ఒక పోరాటమో ఉంటుంది. నేనుండేది షికాగో శివార్లలో కాబట్టి అక్టోబర్‌తో మొదలుపెడతాను.

1871 అక్టోబర్ 8 రాత్రి షికాగోలో మంటలు లేచాయి. అప్పట్లో ఇళ్ళూ కర్రవే, కాలిబాటలూ కర్రవే. పైగా ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మంటలు ఆరేసరికి 17 వేలకు పైగా భవనాలు బూడిదయ్యాయి. సుమారు 300 మంది చనిపోయారు, లక్షమంది రోడ్డున పడ్డారు. ఓ ఐరిష్ కుటుంబం ఆవు లాంతరు తన్నడం వల్లే ఇదంతా జరిగిందని ఊరంతా నమ్మింది. వలస వచ్చినవాళ్ళ మీద నింద వేయడం ఎక్కడైనా తేలికే. ఆ ఇల్లాలి తప్పూ, ఆ ఆవు తప్పూ ఏమీ లేదని నగర కౌన్సిల్ తీర్మానించింది 1997లో!

ఆ అగ్నికాండకు నలభయ్యేళ్ళు నిండిన 1911లో, ఆ వార్షికోత్సవాన్ని అగ్నిప్రమాదాల నివారణ దినంగా పాటిద్దామని ఫైర్ మార్షళ్ళ సంఘం ముందుకొచ్చింది. ఆ మార్చిలోనే న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి, తలుపుకు తాళం వేసి ఉండడంతో దారిలేక, 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలే. 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్ అక్టోబర్‌లో అగ్నిప్రమాదాల నివారణ వారోత్సవాలను జాతీయ స్థాయిలో ప్రకటించాడు. అయితే పోస్టర్లతో పని అయిపోలేదు. బయటికి పోయే దారికి తాళం వేయకూడదనీ, ఎంతమందికి ఎన్ని మెట్లదారులుండాలనీ నిబంధనలు వచ్చాయి. తర్వాత ఇంటింటికీ పొగ అలారం వచ్చింది. ఇంగువ పోపు కాస్త మాడితే చాలు, మా ఇంట్లో అది కుయ్యోమంటుంది. ఒకరు తువ్వాలు పట్టుకుని దాని కింద విసరాలి. బ్యాటరీ పీకేద్దామనిపిస్తుంది గానీ పిల్లలు ఒప్పుకోరు. అక్టోబర్‌లో ఫైర్ స్టేషన్‌కి వెళ్ళి ఎర్ర ప్లాస్టిక్ టోపీలు పెట్టుకుని వచ్చినవాళ్ళు కదా, మమ్మల్నే పరీక్ష చేస్తారు: "ఈ గదిలోంచి బయటపడడానికి రెండో దారేది? బయటికొచ్చాక అందరం ఎక్కడ కలుసుకోవాలి?"

ఏప్రిల్‌లో వచ్చే మైనారిటీల ఆరోగ్య మాసం కథ వేరు. 1915లో అలబామాలోని టస్కిగీ విద్యాసంస్థ నుంచి నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ నల్లజాతివారి ఆరోగ్య వారోత్సవాలకు పిలుపిచ్చాడు. వాళ్ళకు ఆస్పత్రులు తలుపులు మూసిన కాలం అది. నల్లవారి చావుల్లో చాలా భాగం ఆపగలిగినవేనని టస్కిగీలోనే ఉన్న సామాజిక శాస్త్రవేత్త మన్రో వర్క్ లెక్కలు కట్టి చూపించాడు. చర్చీలు, బడులు, మహిళా సంఘాలు కలిసి బావులు బాగుచేశాయి, పెరళ్ళు ఊడ్చాయి, పిల్లలకు వైద్యపరీక్షలు చేయించాయి. ప్రభుత్వం పట్టించుకోకపోతే తామే పూనుకున్నారు. 1932లో సమాఖ్య ప్రజారోగ్య శాఖ ఈ కార్యక్రమాన్ని చేతిలోకి తీసుకుంది. అదే 1932లో, అదే శాఖ, అదే టస్కిగీ చుట్టుపక్కల సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళతో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ ఉంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా అది సాగింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు. ఒక చేత్తో ఆరోగ్య సూత్రాలు పంచుతూ ఇంకో చేత్తో మందు దాచిన శాఖను జనం ఎలా నమ్ముతారు? టీకా వేయించుకోమంటే ఈనాటికీ కొందరు నల్లజాతి పెద్దలు ఆలోచిస్తారంటే ఈ చరిత్ర కూడా ఒక కారణం.

అన్ని మాసాల పుట్టుకా అంత పవిత్రమైనది కాదు. అక్టోబర్‌లోనే వచ్చే రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసాన్ని 1985లో ప్రారంభించినవాళ్ళలో ఓ మందుల కంపెనీ కూడా ఉంది. ఆ జబ్బుకు మందు తయారుచేసేదీ అదే. పరీక్షలు చేయించుకోవాలన్న మాట మంచిదే, ఆ మాసం పేరుతో గులాబీ రంగు పూసి అమ్మే సరుకుల సంగతే వేరు.

నాకు బాగా నచ్చేది మార్చిలో వచ్చే విషప్రమాదాల నివారణ వారం. 1962లో మొదలైంది. పసిపిల్లలు పెద్దవాళ్ళ మాత్రలు మింగుతున్నారు, జాగ్రత్త అని ఏళ్ళ తరబడి చెప్పారు. చెప్పినంత మాత్రాన ఆగదని 1970లో చట్టం తెచ్చారు. అందుకే ఇక్కడి మాత్రల సీసా మూత గట్టిగా నొక్కి తిప్పితే గానీ రాదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు బీపీ మాత్ర కోసం దాంతో కుస్తీ పడి విసుక్కుంటారు. ఆ విసుగే పసివాడి ప్రాణానికి కాపలా.

మన దగ్గరా వారోత్సవాలకు కొదవలేదు. జనవరిలో రోడ్డు భద్రత, సెప్టెంబర్‌లో పోషణ మాసం. ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాల వెనకా చరిత్ర ఉంది. 1944లో ఆ రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది బలయ్యారు. ర్యాలీ, రిబ్బను, ఫొటో అయ్యాక మరునాడు ఏం మారిందన్నదే అసలు ప్రశ్న. అమెరికాలోనూ ప్రాణాలు కాపాడినవి పోస్టరు వెంట వచ్చిన మూత, తలుపు, చట్టం. కాబట్టి వచ్చే ఏప్రిల్‌లో ఫైర్ స్టేషన్‌వాళ్ళు మీ వీధికి వస్తే కరపత్రం తీసుకుని ఊరుకోకండి. మీ అపార్టుమెంటుకో, మీ పిల్లల కోచింగ్ సెంటరుకో తీసుకెళ్ళి, రెండో మెట్లదారి తలుపుకు తాళం ఉందో లేదో చూడమనండి.